ఆధిదైవికంలో మనుషుల వాటా

ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారిక మూడు విధాల దుఃఖాన్ని ప్రస్తావిస్తూనే ఆరంభమవుతుంది. దానికి భాష్యం రాసిన గౌడపాదుడు శరీరం, మనస్సుల నుంచి పుట్టేదాన్ని ఆధ్యాత్మికమనీ, మనుషులు, మృగాలు మొదలైన ఇతర ప్రాణుల వల్ల కలిగేదాన్ని ఆధిభౌతికమనీ, చలి, ఎండ, గాలి, వాన, పిడుగుల వల్ల వచ్చేదాన్ని ఆధిదైవికమనీ విడదీశాడు. ఈ లెక్కన తుఫాను ఆధిదైవికమే. దానికి ఆడా మగా తేడా ఉండదు. అయితే 1991 ఏప్రిల్ 29 రాత్రి బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ తీరాన్ని ముంచెత్తి సుమారు 1,40,000 మందిని బలిగొన్న తుఫానులో, 20 నుంచి 44 ఏళ్ల వయసు పురుషుల్లో వెయ్యికి 15 మంది, అదే వయసు స్త్రీలలో వెయ్యికి 71 మంది మరణించారని చూసినప్పుడు, గాలికీ నీటికీ లేని పక్షపాతం మృతుల్లో ఎలా వచ్చిందో తత్త్వవిచారం అడగక తప్పదు.

కారణాలు ఆ ఊళ్లలోనే ఉన్నాయి. మగవారు కూడే బజారులో వినిపించిన హెచ్చరిక పర్దా చాటున ఉన్న ఇల్లాలిని సరిగా చేరలేదు. చేరినా, భర్త రాకుండా గడప దాటడానికీ, పరాయి మగవారితో ఒకే గదిలో తలదాచుకోవడానికీ ఆమె జంకింది. చివరికి నీళ్లు ఇంట్లోకి వచ్చేసరికి ఒంటికి చుట్టుకున్న చీర, చంకలో బిడ్డ, ఎన్నడూ నేర్పని ఈత ఆమె పాలిట మృత్యుపాశాలయ్యాయి. ఇలాగే 2004 డిసెంబరు 26 సునామీలో నాగపట్నం తీరాన, వేటకు వెళ్లి లోతు నీటిలో ఉన్న జాలరులు బతికిపోగా, పడవల కోసం ఒడ్డున కాచుకున్న వారి ఆడవారు కొట్టుకుపోయారు.

దీన్ని ప్రారబ్ధం, అంటే పూర్వజన్మల కర్మలో ఈ జన్మలో అనుభవానికి వచ్చిన భాగం, అని సరిపెట్టుకోవచ్చు. కానీ 1981–2002 మధ్య 141 దేశాల విపత్తులను పరిశీలించిన పరిశోధకులు నాయ్‌మేయర్, ప్లంపర్‌లు స్త్రీల సామాజిక, ఆర్థిక స్థితి మెరుగైన చోట ఈ వ్యత్యాసం తగ్గుతున్నదని గమనించారు. ఆస్తిహక్కునూ చదువునూ బట్టి హెచ్చుతగ్గులయ్యే ప్రారబ్ధాన్ని ఏ శాస్త్రమూ చెప్పినట్టు లేదు. విపత్తును పాపపుణ్యాలకు ముడిపెట్టడంపై ఇలాంటి వాదం ఇదివరకూ జరిగింది. 1934 జనవరి 15 నాటి బీహారు భూకంపం అస్పృశ్యతా పాపానికి దైవదండన అని గాంధీ అన్నప్పుడు, నైతిక నియమాలను ప్రకృతి ఘటనలకు ముడిపెట్టరాదని టాగూరు ఖండించాడు. హేతువు విషయంలో టాగూరుదే సరైన మాట; అయినా గాంధీ చూపు పూర్తిగా దారి తప్పిందనలేము, ఎందుకంటే సంఘంలోని అన్యాయం భూమిని కదిలించలేకపోయినా, కదిలిన భూమి కింద ఎవరు ఎక్కువగా నలగాలో నిర్ణయించడంలో దానికి పెద్ద పాత్రే ఉంది.

లౌకికోపాయాలు దుఃఖాన్ని నిశ్చయంగా, శాశ్వతంగా తొలగించలేవనీ, తత్త్వజ్ఞానమే దానికి దారి అనీ కారిక వాదిస్తుంది. తుఫాను వరకు ఆ వాదం నిలుస్తుంది. 15కూ 71కీ మధ్య ఉన్న దూరం మాత్రం ఆధిభౌతికం గనుక, దానికి తత్త్వజ్ఞానం దాకా పోనక్కరలేదు: ఆశ్రయ భవనంలో స్త్రీలకు వేరు గదులూ మరుగుదొడ్లూ, ఆడపిల్లలకు ఈత, గడప దగ్గరికే వచ్చి పిలిచే మహిళా కార్యకర్తలు.