పథ్యం తప్పితే దోషం ఎవరిది?

కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల పట్టణాల చిన్న దవాఖానల్లో షుగర్, బీపీ ఉన్నవారికి డాక్టరు చెప్పేవి కొన్ని మాటలే. అన్నం తగ్గించాలి, ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదు, వారానికి కనీసం 150 నిమిషాలు నడవాలి. ఇందులో తప్పుపట్టవలసిందేమీ లేదు. అయితే మూడు నెలల తర్వాత రక్తపరీక్షలో చక్కెర తగ్గకపోతే ఆ సలహాయే నేరారోపణ అవుతుంది. ‘చెప్పినా వినలేదు’ అన్న మాటలో మేలు తెలిసీ చేయనివాడు దోషి అనే తీర్పు ఉంది. ఆ తీర్పు ఎంతవరకు న్యాయం అన్నది రక్తపరీక్ష తేల్చలేని ప్రశ్న, ధర్మవిచారానికి చెందిన ప్రశ్న.

చరకసంహిత దీన్ని నేరుగా ఎత్తుకుంది. ధీ, ధృతి, స్మృతి చెదిరిన మనిషి చేసే అహితకర్మను అందులోని శారీరస్థానం అనే భాగం ప్రజ్ఞాపరాధం అంటుంది, రోగకారణాల్లో దానికి పెద్ద స్థానమిస్తుంది. మేలుకీడులు తెలుసుకునేది ధీ, మనసును పట్టి నిలిపేది ధృతి, తెలిసినదాన్ని వేళకు గుర్తు చేసేది స్మృతి. మేలు నిజంగా తెలిసినవాడు కీడు చేయడన్నది సోక్రటీసు వాదం. తెలిసీ నిలవలేని బలహీనత వేరే ఉందని అరిస్టాటిల్ దాన్ని ఒప్పుకోలేదు. చరకుడి విభజన అరిస్టాటిల్ మాటకే దగ్గర, దానికన్నా సూక్ష్మం కూడా. డాక్టరు ఐదు నిమిషాల్లో ఇవ్వగలిగింది ధీ ఒక్కటే. సద్దుల బతుకమ్మ నాటి రాత్రి చుట్టాలు మలీద ముద్ద చేతిలో పెట్టినప్పుడు కావలసినవి మిగతా రెండూ. తెలియనివాడికి చెప్పవలసిందీ నిలవలేనివాడికి చెప్పవలసిందీ ఒకటి కావు. రెండోవాడికి మళ్లీ అదే పాఠం చెబితే అవమానం తప్ప ఏమీ మిగలదు.

చికిత్సకు వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి నాలుగు పాదాలని సూత్రస్థానం చెబుతుంది. పథ్యం విషయంలో పరిచారకుడంటే పొయ్యి దగ్గర ఉన్న మనిషి. భర్తకు షుగర్ వస్తే ఇంట్లో రొట్టె మొదలవుతుంది. భార్యకే వస్తే తనొక్కదాని కోసం వేరే వండుకోవడం ఆమెకే అత్యాశలా తోస్తుంది. కాబట్టి సలహా రోగి చెవిలోనే ఆగిపోకూడదు, ఇంటికి చేరాలి.

దోషాన్ని ఒక్క మనిషి మీద మోపలేని సందర్భాన్ని కూడా చరకుడు గుర్తించాడు. గాలి, నీరు, నేల, కాలం చెడి ఊళ్లకు ఊళ్లు రోగాన పడే స్థితిని విమానస్థానం జనపదోద్ధ్వంసం అంటుంది, దాని వేరును పాలకుల అధర్మంలో చూపుతుంది. షుగర్‌ను అచ్చంగా ఆ కోవలో చేర్చలేం. అయినా ఉత్తర తెలంగాణ తిండి మారిన తీరు ఆ ఆలోచనను గుర్తుచేస్తుంది. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ నీళ్లు వచ్చాక పాత కరీంనగర్ జిల్లాలో జొన్న, మక్కల చెలకలు వరి పొలాలయ్యాయి. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన ఆ బియ్యాన్ని నిందించడం కృతఘ్నత. కానీ గటుక, అంబలి తాగిన ఇళ్లలో మూడు పూటలా అన్నమే మిగిలింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం రెండు వేల కేలరీల భోజనంలో ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములే, కూరగాయలు మాత్రం 400 గ్రాములు. ఆదిలాబాద్ నల్లరేగడిలో జొన్న ఉండిన చోట చాలావరకు పత్తి నిలిచింది. అక్కడి రైతును జొన్నరొట్టె తినమంటే ఒకప్పుడు తన చేలో పండినదాన్ని ఇప్పుడు అంగట్లో కొనమన్నట్టే. చేట ఒళ్లో పెట్టుకుని రోజంతా బీడీలు చుట్టే మహిళకు కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. ఆమె నడిచే అరగంటకు కూలిలో కోత ఉంది. ఆ కోతను చూడకుండా ఇచ్చిన సలహా శాస్త్రీయమే కావచ్చు, హితం మాత్రం కాదు.

అంటే రోగికి బాధ్యతే లేదని కాదు. చేతిలో డబ్బు, తీరిక, తెలివి ఉండి ప్రతి దావత్‌లో హద్దు మరచేవాడికి ప్రజ్ఞాపరాధం అన్న మాట తగుతుంది. అప్పుడు కూడా ఆర్తుల పట్ల మైత్రి, కారుణ్యం వైద్యవృత్తికి లక్షణాలన్న చరకుడి నియమం సడలదు.

అన్నిటికన్నా కఠినమైన సందర్భం వ్రతం. ఇక్కడ తిండి మానడమే ధర్మంగా మారుతుంది, డాక్టరు మాట దానికి అడ్డంగా కనిపిస్తుంది. నిజానికి శాస్త్రాలు ఆ దారి మూసేయలేదు. నీరు, దుంపలు, పండ్లు, పాలతో పాటు గురువు మాటా ఔషధమూ వ్రతభంగం చేయవని మహాభారతంలో విదురుడు చెబుతాడు. రోగులు రంజాన్ ఉపవాసాలను తర్వాతి రోజుల్లో పూర్తిచేసుకోవచ్చని, శక్తి లేనివారు పేదకు అన్నం పెట్టవచ్చని ఖురాన్ రెండో అధ్యాయం అనుమతిస్తుంది. కనుక రోజా ఉండమనీ వద్దనీ ధర్మనిర్ణయం చేయడం డాక్టరు పని కాదు. శరీరానికి ఉన్న ముప్పు దాచకుండా చెప్పడం ఆయన పని. ఆ మాట రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే జరగాలని, రక్తంలో చక్కెర 70 కన్నా తగ్గినా 300 దాటినా రోజా వెంటనే విడవాలని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య సూచనలు చెబుతున్నాయి. కొండగట్టు అంజన్న దీక్షలో 41 రోజులు ఒంటిపూట భోజనం చేసే స్వామికీ ఇదే వర్తిస్తుంది. కొన్ని రకాల షుగర్ మాత్రలు పాత మోతాదులోనే వేసుకుంటే తిండి లేని వేళ చక్కెర పడిపోతుంది. మాల వేసుకునే ముందే మోతాదు, వేళ మార్చుకోవాలి. ఇన్సులిన్ మీద ఉన్నవారికి, కిడ్నీ దెబ్బతిన్నవారికి ఉపవాసంలో ముప్పు ఎక్కువని డాక్టరు స్పష్టంగా చెప్పాలి. అది విన్నాక వ్రతం ఎలా నడపాలో గురుస్వామినో మౌల్వీనో అడిగి రోగే తేల్చుకోవాలి.