ఖాళీ గ్లాసుకి సంజాయిషీ

ఈ దేశంలో ముస్లిం తాగితే ఒక అర్థం, తాగకపోతే ఇంకో అర్థం. తాగితే ‘పర్లేదు, మనవాడే’ అంటారు. తాగకపోతే ‘ఎంత చదివినా ఛాందసం పోలేదు’ అంటారు. ఇష్టం లేదనో, ఒంటికి పడదనో, దీన్ వద్దంటుందనో మేం చెప్పే కారణం ఎవరికీ అక్కర్లేదు. మా చేతిలో గ్లాసు మా లౌకికత్వాన్ని కొలిచే కొలపాత్ర అయి కూచుంది. తనకి వద్దనుకున్నదాన్ని వద్దనడానికి మనిషి ఎవరికైనా సంజాయిషీ ఇచ్చుకోవాలా? ఇదీ మా ప్రశ్న.

ఈ ప్రశ్న నాసిక్‌లో సూటిగా ఎదురైంది. ద్రాక్ష కోతల రోజుల్లో ఒక శని ఆదివారాలు అక్కడి వైనరీలు చూసొద్దామని మేం ఇద్దరు స్నేహితులం హైదరాబాదులో రైలెక్కాం. కాలేజీ నాటి స్నేహం. ఒకే కంచంలో తిన్నామని చెప్పుకుంటాం గానీ అది పూర్తిగా నిజం కాదు. మాలో ఒకరు మాంసం ముట్టరు, వైన్ తాగుతారు. ఒకరు మాంసం తింటారు, వైన్ ముట్టరు. పాతికేళ్లకు పైగా ఈ తేడా మా మధ్య కూచునే ఉంది. ఎప్పుడూ ఇరుకనిపించలేదు.

నాసిక్ మనకి పరాయి ఊరేం కాదు. మన గోదావరి పుట్టే త్ర్యంబకేశ్వర్ అక్కడికి దగ్గరే. గంగాపూర్ డ్యామ్ దగ్గర ఆగిన ఆ నీళ్ల చుట్టూ ద్రాక్ష పందిళ్లు కనిపిస్తాయి. తినే ద్రాక్ష అక్కడ పాత పంటే. వైన్ ద్రాక్ష మాత్రం 1990ల చివర్లో ఊపందుకుంది. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక విధానం ప్రకటించి పన్ను రాయితీలివ్వడంతో వైనరీలు పెరిగాయి. హైదరాబాదు చుట్టూ ఒకప్పుడు అనాబెషాహీ తోటలుండేవి. అది తినే పండు, తియ్యన, నీళ్లన. వైన్ ద్రాక్ష అలా కాదు. కాయ చిన్నది, తొక్క మందం, గింజలెక్కువ. చాలా నల్ల రకాల్లో కూడా రసం తెల్లగానే ఉంటుందనీ, రసాన్ని తొక్కతో కలిపి పులియబెడితేనే ఎర్ర వైన్ వస్తుందనీ అక్కడివాళ్లు విడమరిచి చెప్పారు. రంగంతా తొక్కదే.

ఆ తోటల్లో బాగా నాటిన ఎర్ర రకం ఒకటుంది. పేరు షిరాజ్. పేరు వినగానే ఇరాన్‌లోని షిరాజ్ నగరం గుర్తొస్తుంది. హాఫిజ్, సాదీల ఊరు. ఈ ద్రాక్ష అక్కణ్ణించే యూరప్‌కి వలసొచ్చిందని చాలాకాలం కథలు కథలుగా చెప్పుకున్నారు. 1998లో అమెరికా, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు డి.ఎన్.ఏ. పరీక్షలు చేశారు. దాని తల్లీదండ్రీ రెండూ ఆగ్నేయ ఫ్రాన్స్ నేలలో పుట్టిన ద్రాక్షలేనని తేలింది. పేరు చూసి పరాయిదన్నారు, తీరా చూస్తే ఆ నేల బిడ్డే. ఈ కథ మాకు కొత్తగా అనిపించలేదు. దూదేకులవాళ్లు, లద్దాఫ్‌లు, ఇక్కడి మట్టిలోనే పుట్టి కల్మా చదువుకున్న ఎన్నో కులాలవాళ్లు, పేరు ఒక్కటి అరబ్బీలో ఉన్నందుకు ‘ఎక్కణ్ణించొచ్చారు?’ అన్న ప్రశ్నని తరతరాలుగా మోస్తున్నారు. ద్రాక్షకి ఒక్క పరీక్షతో విముక్తి దొరికింది. మాకు ఎన్ని పరీక్షలు పెట్టినా ఇంకోటి మిగిలే ఉంటుంది.

ఆదివారం ఒక వైనరీలో రుచి చూసే బల్ల దగ్గర అలాంటి పరీక్షే పెట్టారు. ఒక్కొక్కరి ముందూ వరుసగా గ్లాసులు పెడుతున్నారు. ఒకరికి వద్దంటే పోసేవాళ్లు ఏమీ అనుకోలేదు, ద్రాక్షరసం తెచ్చిచ్చారు. మాలో ఒకరు ఇంకొకరిని పేరు పెట్టి పిలిచారు. పక్కనున్న పెద్దమనిషి ఆ పేరు విన్నాడు. అప్పటిదాకా లేని ఆసక్తి పుట్టుకొచ్చింది. ‘ఒక్క గుక్కకి ఏమవుతుంది భాయ్? మీవాళ్లలో మంచి స్నేహితులున్నారు నాకు, అందరూ తాగుతారు’ అన్నాడు. మాటలో ద్వేషం లేదు. ప్రేమగానే అన్నాడు. గ్లాసు ముందుకి తోశాడు కూడా. ఆ ప్రేమలోనే షరతు ఉంది.

తిరుగు దారిలో మా ఇద్దరి మాటలూ దీనిమీదే నడిచాయి. ‘పాతికేళ్లుగా రంజాన్‌కి మీ ఇంటికొస్తున్నా. దస్తర్‌ఖాన్ నిండా గోష్త్ ఉంటుంది. నేను బగారా అన్నం, మిర్చీ కా సాలన్ తిని లేస్తా. ఒక్క ముక్క తిని నీ లౌకికత్వం నిరూపించుకో అని మీ అమ్మీ ఎప్పుడైనా అందా?’ మాంసం ముట్టని మిత్రుడి ప్రశ్న ఇది. అనలేదు. ఆయన వద్దంటే అది నియమం. మేం వద్దంటే మతం, మూఢత్వం. చేసేది ఒకటే పని, పేర్లు మాత్రం రెండు.

మద్యం వద్దనడం ఒక్క ముస్లిం సొత్తూ కాదు. రాజ్యాంగం 47వ అధికరణ మద్యనిషేధం దిశగా ప్రయత్నించమని రాజ్యానికి చెబుతోంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం పోయింది. ఆ ఆడవాళ్లని ఛాందసులని ఎవరన్నా అన్నారా? గాంధేయవాది తాగకపోతే ఆదర్శం, మా బస్తీ మనిషి తాగకపోతే అనుమానం. ఇంకో సంగతి. తాగే ముస్లింని భుజం తట్టి మెచ్చుకోవడం కూడా అవమానమే. అతని తాగుడు అతని సొంత విషయం. అతన్ని మామీద సాక్షిగా నిలబెట్టకండి.

అటువైపు మావాళ్ల ప్రశ్నా ఉంది. ‘తాగనివాళ్లకి ఆ బల్ల దగ్గర ఏం పని?’ అని. మద్యం తిరిగే బల్ల దగ్గర కూచోవద్దన్న హదీసు పెద్దలు చెబుతారు. ఆ మాటని మేం తేలిగ్గా తీసిపారెయ్యం. తాగుడు కాల్చేసిన కొంపలు మా గల్లీల్లోనూ ఉన్నాయి. అయినా పెద్దల్ని ఒకటి అడుగుతాం. మేం తిననిది, తాగనిది ఉన్న ప్రతి బల్ల దగ్గర్నించీ లేచిపోతే ఈ దేశంలో మాకు మిగిలే బల్ల ఏది? గోష్త్ ఉందని స్నేహితుడు మా దస్తర్‌ఖాన్ దగ్గర్నించి లేచిపోతే అతన్ని ఏమనేవాళ్లం? ఈమాన్ మా గుండెలో ఉంది. పక్కవాడి గ్లాసు దాన్ని ఒలకబోయలేదు.

ఉర్దూలో ‘హమ్’ ఒక్కటే మాట. ఎదుటివాణ్ణి కలుపుకున్నా హమ్, వదిలేసినా హమ్. తెలుగు అలా కాదు. ‘మేము’ వేరు, ‘మనం’ వేరు. రెండు భాషల్లో బతికే మాకు ఈ తేడా రోజూ తెలుస్తూనే ఉంటుంది. లౌకికవాదులైన మిత్రులు చాలామంది ‘మేము అనడం మానెయ్యండి, మనం అందాం’ అంటారు. సంతోషం, అందాం. కానీ మేము తినేదీ, తాగనిదీ, మొక్కేదీ గుమ్మం బయట వదిలేసి రమ్మంటే, అది మనం కాదు. అది మీరే, కాస్త విశాలంగా కూచున్నారంతే. మా ‘మేము’ చెక్కుచెదరకుండా లోపలికి రాగలిగినప్పుడే దానికి ‘మనం’ అన్న పేరు నప్పుతుంది. గ్లాసు నిండుగా ఉందా ఖాళీగా ఉందా అన్నది ఆ తర్వాత ఎవరూ చూడక్కర్లేదు.