అన్నమే ప్రథమౌషధము

ఛాందోగ్యోపనిషత్తునందు ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతువునకు చేసిన బోధలలో ఒకటి మాటలతో గాక ఆకలితో చేసినది. పదునైదు దినములు ఆహారము ముట్టవలదనియు, నీరు మాత్రము కోరినంత త్రాగవచ్చుననియు తండ్రి ఆజ్ఞాపించెను. కుమారుడట్లే చేసి, పిమ్మట తండ్రికడకు వచ్చెను. ఋక్కులను, యజుస్సులను, సామములను వల్లింపుమని తండ్రి యడిగెను. పండ్రెండేండ్లు గురుకులమున నేర్చిన విద్యలో ఒక్కటియు ఆ యువకునకు స్ఫురింపలేదు. పెద్ద మంట చల్లారి మిణుగురుపురుగంత నిప్పు మాత్రము మిగిలిన స్థితి అతనిదని తండ్రి తెలిపి, భుజించి రమ్మనెను. భుజించి వచ్చిన పిమ్మట శ్వేతకేతువు అడిగినవన్నియు చెప్పగలిగెను. మనస్సు అన్నమయమను సత్యము అతనికి అప్పుడు బోధపడెను.

ఈ కథలో సాధారణముగా గమనింపబడని అంశములు రెండు గలవు. ఉపవాసమును విధించినవాడు తండ్రియే. దానిని విరమింపజేసినవాడును తండ్రియే. రెండవది, వేదము స్ఫురింపనందుకు తండ్రి కుమారుని నిందింపలేదు, దీర్ఘోపదేశము చేయలేదు. ముందు అన్నము పెట్టించెను, తరువాత బోధించెను. ఆరిపోవుచున్న నిప్పునకు కావలసినది గడ్డిపరకయే గాని ఉపన్యాసము కాదు.

ఎవరును విధింపని ఉపవాసమును ఆరంభించి, దానిని తమంత తాము విరమింపజాలని యువతీయువకులు నేడు అనేక గృహములలో నున్నారు. వైద్యులు ఈ వ్యాధులను ఆహారసంబంధమైన మానసికవ్యాధులని పిలుచుచున్నారు. అందు ముఖ్యమైనది అనొరెక్సియా నెర్వోసా. రోగి తన శరీరమునకు చాలనంత స్వల్పముగా భుజించును. ఎంత కృశించినను తాను స్థూలముగా నున్నట్లే భావించును. బరువు పెరుగునేమోయను భయము నిద్రలోను విడువదు. 1979లో లండనులోని జెరాల్డ్ రస్సెల్ అను వైద్యుడు బులీమియా నెర్వోసా అను మరియొక వ్యాధిని వర్ణించెను. ఇందు రోగి అణచుకొనలేని వేగముతో అపరిమితముగా తిని, ఆ వెంటనే వాంతి చేసికొనుట మొదలైన ఉపాయములచే దానిని పోగొట్టుకొనజూచును. శరీరము చూచుటకు మామూలుగానే యుండుటచే ఈ రెండవదానిని ఇంటివారు సంవత్సరములతరబడి గుర్తింపకపోవచ్చును. వ్యాధి బాలికలయందు అధికము. కాని బాలురను విడిచిపెట్టునది కాదు.

ఇది అలంకారప్రియత్వము కాదు, మొండితనము కాదు. ఆహారము తగ్గిన శరీరమున నాడి మందగించును, చలి తాళలేకపోవును, ఋతుస్రావము నిలిచిపోవును, ఎముకలు బలహీనపడును. మాటిమాటికి వాంతి చేసికొనువారి రక్తమునందు పొటాషియం తగ్గి గుండె లయ తప్పవచ్చును. మానసికవ్యాధులన్నిటిలో మరణప్రమాదము మిక్కిలి హెచ్చుగా గలవానిలో అనొరెక్సియా యొకటి. కావున గృహస్థులు దీనిని ఉపేక్షింపరాదు.

భారతదేశమున ఈ వ్యాధికి దాగుటకు అనుకూలమైన చోటు ఒకటి గలదు: అది భక్తి. ఒక గృహమును ఊహింపుడు. కళాశాలలో చదువు బాలిక మొదట శనివారము ఒకపూట మానును. పిమ్మట ఏకాదశి, సోమవారము చేరును. కార్తికమాసము వచ్చి పోవును. నియమము మాత్రము పోదు. బంధువులు వచ్చి, ఈ వయస్సులో ఎంత నిష్ఠయని మెచ్చుకొందురు. తల్లి మొదట సంతసించును. పారణనాడు పళ్ళెమునందలి అన్నము మెతుకుమెతుకుగా విడదీయబడి మిగిలిపోవుట, వదులు దుస్తులు, మేడమీద గంటలకొలది నడక, భోజనమైన వెంటనే స్నానపుగదిలోనికి పోవుట, జుట్టు రాలుట, తలతిరిగి పడుట ఒకదాని వెంట నొకటి కనబడును. అప్పటికిని ఇంట, "దృష్టి తగిలినది" యని ఒకరు, "పెండ్లి కావలసిన పిల్ల, వైద్యునికడకు పోయినట్లు నలుగురికి తెలిసిన నెట్లు" అని మరియొకరు అందురు. ఇట్లు మాసములు గడచిపోవును.

వ్రతమునకును వ్యాధికిని భేదమెట్లు తెలియును? వ్రతమునకు ఆరంభమును అంతమును గలవు. వ్యాధికి పారణ లేదు. వ్రతము చేయువాడు దేవుని స్మరించును. రోగి స్మరించునది ఆహారమును, తూకపుయంత్రముపైని అంకెను. వ్రతాంతమున ప్రసాదము ఆనందమునిచ్చును. రోగికి ఆ ప్రసాదమే భయకారణము. పెద్దలు వలదన్నచో వ్రతము వాయిదా పడును; వ్యాధిని వలదన్నచో ఇల్లంతయు యుద్ధభూమి యగును. ఈ లక్షణములు తెలిసిన తల్లిదండ్రులు మోసపోరు.

శాస్త్రము ఈ విషయమున సందిగ్ధముగా మాటలాడలేదు. మిక్కిలి తినువానికి యోగము లేనట్లే, బొత్తుగా తిననివానికిని లేదని గీతాచార్యుడు ఆరవ అధ్యాయమున స్పష్టము చేసెను. శాస్త్రవిహితము కాని ఘోరతపస్సుచే దేహమును శుష్కింపజేయువారు అంతర్యామియైన తన్నే బాధించుచున్నారని పదునేడవ అధ్యాయమున హెచ్చరించెను. గౌతముడు ఏండ్లకొలది అస్థిపంజరప్రాయుడై తపించి, ఆ మార్గము నిష్ఫలమని గ్రహించి, సుజాత యిచ్చిన పాయసమును స్వీకరించిన పిమ్మటనే బోధివృక్షము క్రింద కూర్చుండెను. తైత్తిరీయోపనిషత్తున భృగువు తపస్సుచేసి మొట్టమొదట బ్రహ్మముగా తెలిసికొన్నది అన్నమునే; అన్నమును నిందింపకుండుట అచ్చట వ్రతముగా చెప్పబడినది. అన్నమునకు భయపడుట ఏ శాస్త్రమునందును వ్రతము కాదు.

ఉద్దాలకుడు ఒక కుమారునియందు చూపిన సత్యమును ఆధునిక విజ్ఞానశాస్త్రము 36 మంది యువకులయందు చూచినది. 1944–45 సంవత్సరములలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు, యుద్ధమున పాల్గొనుటకు మనస్సాక్షి యొప్పక సేవకై ముందుకు వచ్చిన ఆరోగ్యవంతులను 24 వారములు అర్ధాహారముపై నుంచెను. వారి శరీరభారము సుమారు నాల్గవవంతు తగ్గెను. అంతకన్న విశేషము వారి మనస్సున కలిగిన మార్పు. ఆహారము తప్ప వేరు తలపు లేకపోయెను. కొందరు వంటపుస్తకములను చదువుచు కూర్చుండిరి. పళ్ళెము ముందు గంటలు గడపిరి. స్నేహమును, హాస్యమును విడిచి చిరాకునకును విషాదమునకును లోనైరి. ఆకలి తీరిన తరువాతను స్వస్థత చేకూరుటకు మాసములు పట్టెను. వారు మొదట మనోరోగులు కారు. ఆకలియే వారినట్లు చేసెను. రోగియైన బిడ్డ మాటలలోని కాఠిన్యము, అసత్యము, ఏకాంతప్రియత్వము చాలవరకు ఆ బిడ్డ స్వభావము కాదనియు, ఆకలిచే కలిగిన వికారమనియు తల్లిదండ్రులు దీనివలన గ్రహింపవలెను.

ఇట్టి బిడ్డకు అన్నము పెట్టవలసినవారెవరు? వైద్యశాస్త్రము ఈ ప్రశ్నకు సమాధానమును వంద సంవత్సరములకు పైగా వెదకినది. 1873లో లండనులో విలియం గల్, పారిస్‌లో లాసేగ్ ఈ వ్యాధిని విడివిడిగా వర్ణించిరి. బంధువులు ఇట్టి రోగికి పరిచర్య చేయుటకు తగనివారని గల్ అభిప్రాయము. పారిస్‌నందే షార్కో అను ప్రసిద్ధవైద్యుడు తల్లిదండ్రులనుండి బిడ్డను వేరుచేయుటయే చికిత్సకు మొదటిమెట్టని భావించెను. తరువాతి కాలమున కొందరు తల్లియే వ్యాధికి మూలమని కూడ పలికిరి. ఎందరో తల్లులు ఆ నిందను మోసి కుమిలిరి.

ఈ అభిప్రాయమును మార్చిన ప్రయత్నము లండనులోని మాడ్‌స్లీ వైద్యశాలకు సంబంధించినది. రస్సెల్, డేర్, ఐస్లర్ మొదలగువారు తల్లిదండ్రులను దోషులుగా గాక చికిత్సకులకు తోడ్పాటుదారులుగా స్వీకరించిరి. 1987లో వారు ప్రకటించిన పరిశీలనయందు 80 మంది రోగులుండిరి. పందొమ్మిదేండ్లు నిండకముందే వ్యాధి సోకి, మూడేండ్లు దాటకుండ చికిత్సకు వచ్చిన అనొరెక్సియా రోగులకు కుటుంబముతో కూడిన చికిత్స ఏకాంతచికిత్సకంటె మేలు చేసెను. 1997లో ప్రకటించిన ఐదేండ్ల తరువాతి పరిశీలనయందును ఆ మేలు నిలిచియుండెను. శీఘ్రముగా వచ్చినవారికే ఈ ఫలము దక్కినదనుట మరువరానిది.

ఆ చికిత్సాక్రమము మూడు దశలుగా సాగును. మొదటి దశయందు బిడ్డ ఏమి తినవలెను, ఎంత తినవలెనను భారమును తల్లిదండ్రులే వహింతురు. ఒకరు ప్రక్కన కూర్చుండి ప్రతిపూటయు పళ్ళెము పూర్తియగువరకు ఓర్పుతో వేచియుందురు. చికిత్సకుడు కుటుంబమంతయు ఒకచోట భుజించునట్లు చేసి, తల్లిదండ్రులకు ధైర్యము నేర్పును. బరువు చేరుకొని భయము తగ్గిన పిమ్మట, రెండవ దశయందు ఆ భారమును కొద్దికొద్దిగా బిడ్డకు తిరిగి అప్పగింతురు. మూడవ దశయందు చదువు, స్నేహము, స్వతంత్రజీవనము మొదలగు యౌవనవిషయములు చర్చకు వచ్చును. వ్యాధికి కారణమెవరని వెదకుట, నిందించుట ఇందు లేవు. వ్యాధి వేరు, బిడ్డ వేరు అను వివేకము దీనికి పునాది. దేహవికారములు ఆత్మను అంటవని విన్న వేదాంతాభిమానులకు ఈ వివేకము క్రొత్తది కారాదు.

ఇట్లు బలవంతముగా తినిపించుట బిడ్డ స్వేచ్ఛను హరించుట కాదాయని కొందరు శంకింపవచ్చును. నదిలో కొట్టుకొనిపోవువానిని ఒడ్డునకు లాగుట వాని స్వేచ్ఛను హరించుట కాదు. స్వేచ్ఛను ముందే హరించినది వ్యాధి. తల్లిదండ్రులు దానిని తిరిగి తెచ్చియిచ్చు ధర్మకర్తలు మాత్రమే. కాని ఈ అధికారమునందు కోపమునకును, కొట్టుటకును, ప్రమాణములు చేయించుటకును తావు లేదు. పట్టుదల ఆహారమునందు, మృదుత్వము మాటయందు ఉండవలెను.

ఈ మాతృధర్మమునకు శ్రీ శారదాదేవి జీవితమున చక్కని నిదర్శనము గలదు. దక్షిణేశ్వరమున శ్రీరామకృష్ణులు యువశిష్యులు రాత్రివేళ మితముగా భుజించి ధ్యానము చేయవలెనని, ఒక్కొక్కరికిన్ని రొట్టెలని నియమించియుండిరి. బాబూరామునకు నాలుగు రొట్టెలని నియమము. అమ్మ అంతకు మించి పెట్టుచున్నదని వారికి తెలిసి, నహబతునకు వచ్చి యడిగిరి. రెండు రొట్టెలకై కలత చెందవలదనియు, ఆ బిడ్డల భవిష్యత్తును తాను చూచుకొందుననియు అమ్మ నిబ్బరముగా బదులిచ్చెను. సాక్షాత్తు గురుదేవుల నియమమే యైనను, ఎదుగు బిడ్డ ఆకలి ముందు తల్లి తన అధికారమును విడువలేదు. ఆ బాబూరామే తరువాత స్వామి ప్రేమానందులై ప్రసిద్ధినొందిరి. రెండు రొట్టెలు ఆయన సాధనకు అడ్డుపడలేదు.

ఇంక ఆచరణకు సంబంధించిన కొన్ని విషయములు. బిడ్డ శరీరముపై మెప్పుగాని వెక్కిరింతగాని ఇంట వినబడరాదు. "లావైనావు", "చిక్కినావు" అను మాటలు రెండును ముండ్లే. తండ్రియు తల్లియు ఏకవాక్యముగా నుండవలెను. ఒకరు పెట్టగా మరియొకరు "పోనిమ్ము" అన్నచో వ్యాధి ఆ సందుననే ప్రవేశించును. అవ్వయు తాతయు వడ్డనకు తోడ్పడవచ్చును. అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు కాపలాదారులు కారాదు. నవ్వించుట, ఆడించుట వారి వంతు. వైద్యుడు స్వస్థత కలిగినదని చెప్పువరకు ఇంట ఉపవాసవ్రతములను బిడ్డకు నిలిపివేయవలెను. ఆ కాలమున నామజపము, సేవ, ప్రసాదస్వీకరణమే ఆ బిడ్డకు వ్రతము. పురోహితులు, ఆశ్రమవాసులు ఈ మాట ధైర్యముగా చెప్పినచో ఎందరో తల్లుల సంశయము తీరును.

ప్రేమతోపాటు వైద్యుని సహాయమును తప్పనిసరి. మిక్కిలి కృశించినవానికి ఒక్కసారిగా అధికాహారము పెట్టినచో రక్తమునందు ఫాస్ఫేటు పడిపోయి ప్రాణాపాయము కలుగవచ్చును. మిణుగురంత నిప్పుపై మోపెడు కట్టెలు వేసిన ఆరిపోవును, గడ్డిపరకలతోనే రగుల్పవలెను. కావున మొదటి దినములలో రక్తపరీక్షలు, వైద్యుని పర్యవేక్షణ అవసరము. మూర్ఛ, మిక్కిలి మందనాడి, నీరును నిరాకరించుట, ఆత్మహత్యాలోచన కనబడినచో తక్షణమే వైద్యశాలకు చేర్పవలెను. అనొరెక్సియాను తానుగా కుదుర్చు మాత్ర ఏదియు లేదు. ఆహారము, మానసికచికిత్స కలిసియే కుదుర్చును. వయస్సు మీరినవారికి ఆలోచనలను, అలవాట్లను క్రమముగా సరిదిద్దు చికిత్సలు గలవు. ఇంటనే హింస యున్నచో కుటుంబచికిత్స తగదు. అప్పుడు వైద్యులు వేరుమార్గము చూపుదురు. ఎచ్చటికి పోవలెనో తెలియనివారు 2022లో ప్రారంభమైన ప్రభుత్వ టెలీ మానస్ సేవను 14416 సంఖ్యకు ఫోను చేసి సంప్రదింపవచ్చును.

స్వస్థత సరళరేఖవలె రాదు. నేడు పూర్తిగా తిన్న బిడ్డ రేపు పళ్ళెమును త్రోసివేయవచ్చును. ఆ దినమున తల్లి కన్నీరు పెట్టుకొనుట సహజమే. కాని రాత్రి భోజనవేళకు మరల వడ్డింపవలెను. దేవునకు నైవేద్యము పెట్టువాడు దేవుడు తినలేదని మరునాడు పూజ మానునా? ఆ బిడ్డలోని నారాయణునకే ఈ వడ్డనయని భావించు తల్లిదండ్రులకు ప్రతిపూటయు పూజయే యగును. శ్వేతకేతువు మరల వేదమును చెప్పగలిగినట్లు, ఈ బిడ్డలును మరల నవ్వుదురు, చదువుదురు, తమ చేతులతో తామే వడ్డించుకొందురు. అంతవరకు ఆ నిప్పు ఆరకుండ కాపాడు ఓర్పును అన్నపూర్ణాదేవి ఎల్ల గృహములకును ప్రసాదించుగాక!