మిథ్యోపదేశము – మూగప్రాణి
(పర్యూషణ పర్వ సందర్భమున శ్రావక సభలో చేసిన ప్రసంగము)



పర్యూషణ దినములలో ఈ వేదికమీద ప్రతి సంవత్సరము అహింసను గూర్చి వినుచునే యున్నాము. నీరు వడగట్టి త్రాగుట, ప్రొద్దుగ్రుంకక మునుపే భుజించుట, కందమూలములను విడుచుట, ఇవి మన పిల్లలకు ఉగ్గుపాలతో అబ్బిన అలవాట్లు. చీమను త్రొక్కవద్దని మీకు నేను చెప్పబూనుట అనవసరము. ఈనాడు నేను చెప్పదలచినది నాలుకతో జరుగు హింసను గూర్చి. అదియు అంగడి గద్దెమీద కూర్చుండి, కొనవచ్చిన వాని మేలు కోరుచున్నట్లే పలికెడి మాటవలన జరుగు హింసను గూర్చి.

ఇది నా యింటి కథ. ఇతరుల తప్పు చెప్పుటకంటె మన తప్పు చెప్పుకొనుట ఈ పర్వమునకు తగినది గనుక చెప్పుచున్నాను.

కొన్ని యేండ్ల క్రిందట మా మనుమని పుట్టినరోజునకు మా పెద్దబ్బాయి పట్టణములోని పెంపుడు జంతువుల అంగడినుండి ఒక పచ్చని ప్రాణిని తెచ్చినాడు. దానిని ఇగ్వానా అందురు. మన పెరటి తొండకు దూరపు చుట్టము. దాని స్వస్థలము మధ్య అమెరికా, దక్షిణ అమెరికా అడవులు. ఇంటికి వచ్చిననాడు తోకతో కూడ జానెడున్నది. పిల్లవాడు దానికి పచ్చన్న అని పేరు పెట్టినాడు.

అంగడివాడు నాలుగు మాటలు చెప్పి పంపినాడు. ఒకటి, చిన్న గాజుపెట్టె చాలును, పెట్టె యెంతో జంతువు అంతే పెరుగును. రెండు, క్యాబేజీ ఆకు, లెట్యూస్ ఆకు వేయవలెను, బలమునకు వారమునకు రెండుమార్లు ఉడికించిన గ్రుడ్డుగాని కుక్కల బిస్కెట్టుగాని పెట్టవలెను. మూడు, వెచ్చదనమునకు విద్యుత్తుతో కాగెడి రాయి నొకదానిని పెట్టెలో ఉంచవలెను. నాలుగు, ఎండ అక్కరలేదు, కిటికీప్రక్క నుంచిన చాలును. ఆ రాయిని కూడ తానే అమ్మినాడు.

గ్రుడ్డు మాట వినగానే నా యిల్లాలు, "ఈ గడపలోనికి అది రాదు" అన్నది. అబ్బాయి, "అమ్మా, పెట్టకున్న ఆ ప్రాణి చచ్చిపోవును, ఆ పాపము మనకు రాదా?" అన్నాడు. ఇద్దరి మాటలోను ధర్మము కనబడుచున్నది. ఏమి చెప్పవలెనో నాకు తోచక ఊరకున్నాను. తుదకు అబ్బాయి వెలుపల ఉడికించి తెచ్చి వెనుక వరండాలో పెట్టసాగినాడు. ఆనాటినుండి మా యింటి తల్లి ఆ వరండా త్రొక్కలేదు. ఎనిమిది నెలలు ఒకే కప్పు క్రింద తల్లీకొడుకులు ముభావముగా గడపినారు.

తొమ్మిదవ నెలలో పచ్చన్న దవడ వాచినది. వెనుకకాళ్ళు లావెక్కి, నడుము లేవదీయలేక ప్రాకుచుండెను. వ్రేళ్ళు వణకుచుండెను. "బాగా ఒళ్ళు చేసినది, బలిసినది" అని మేము సంతోషించితిమి. అది బలుపు కాదు, వ్యాధి. పశువైద్యుని యొద్దకు తీసికొనిపోగా ఆయన ఛాయాచిత్రము తీసి చూపినారు. ఎముకలు దూదివలె పలుచబడియున్నవి. ఒక కాలు మాకు తెలియకయే విరిగి, వంకరగా అతుకుకొన్నది. పొట్టక్రింద రాయి కాల్చిన మచ్చయున్నది.

ఆ వైద్యుడు చెప్పిన సంగతులను మీరు శ్రద్ధగా వినవలెను. ఈ ప్రాణి శుద్ధ శాకాహారి. ఆకులు, పూవులు, కొంచెము పండ్లు దాని ఆహారము. మాంసపు మాంసకృత్తులు దాని మూత్రపిండములను చెరుపును. క్యాబేజీ, లెట్యూస్ ఆకులలో నీరే గాని దానికి కావలసిన సున్నపు సత్తువ చాలదు. మునగాకు, మందార ఆకులు, పూవులు, ఆవాకు వంటివి దానికి మేలు. ఆహారములో సున్నపు పాలు భాస్వరము పాలుకంటె హెచ్చుగా, ఇంచుమించు రెట్టింపుగా నుండవలెను. తిన్న సున్నము ఒంటబట్టుటకు సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములు చర్మమునకు సోకి, అక్కడ డి విటమిను పుట్టవలెను. కిటికీ అద్దము ఆ కిరణములను ఆపివేయును. కాబట్టి నేరుగా ఎండయైన కావలెను, లేదా ఆ కిరణములనిచ్చు ప్రత్యేకమైన దీపమైన కావలెను. ఆ దీపము వెలుగుచున్నను కొన్ని మాసములకు దాని కిరణబలము తగ్గిపోవును గనుక మార్చుచుండవలెను. వెచ్చదనము పైనుండి రావలెను గాని క్రిందినుండి కాదు. పొట్టకు తగులు వేడిని ఆ ప్రాణి సరిగా గుర్తింపలేదు, కాలుచున్నను కదలదు. ఇక పెట్టెనుబట్టి పెరుగుననుట శుద్ధ అబద్ధము. సరిగా పెంచినచో మూడు నాలుగేండ్లలో తోకతో కూడ 5 అడుగులవరకు ఎదుగును. 15, 20 ఏండ్లు బ్రతుకగలదు. దానికి మనిషంత ఎత్తు, అంతకు తగిన వెడల్పుగల గూడు, ఎక్కుటకు కొమ్మలు కావలెను.

చూచితిరా! ఆ నాలుగు మాటలలో నాలుగును తప్పే. అందులో గ్రుడ్డు మాట మా యింటి ఆచారమును చెరచినది, తల్లీకొడుకులను విడదీసినది, పైగా ఆ ప్రాణికిని కీడే చేసినది.

నేను కోపముతో ఆ అంగడికి పోయితిని. అతడు చిన్నవాడు, మర్యాదస్థుడు. చేతులు జోడించి, "అయ్యా, నాకు సరకు పంపెడి టోకు వర్తకుడు చెప్పినదే నేను చెప్పినాను, అంతకుమించి నాకు తెలియదు" అన్నాడు. నేను మారు పలుకలేక తిరిగివచ్చితిని. ఎందుకనగా ఆ మాట నాదే! నలువదియేండ్లు బట్టల అంగడి నడిపినవాడను. "ఈ రంగు వెలవదు" అని ఎందరికి చెప్పితినో లెక్కలేదు. నేను ఉతికి చూచి చెప్పితినా? లేదు. మిల్లు ఏజెంటు చెప్పినాడు, నేను చెప్పితిని. మన తాతలు రూపాయిని బల్లమీద మోగించి చూచిగాని గల్లాపెట్టెలో వేసెడివారు కారు. నాణెమును మోగించి పుచ్చుకొన్న మనము మాటను మాత్రము మోగింపకయే చెలామణి చేయుచున్నాము.

ఇక శాస్త్రము చూడుడు. ఉమాస్వాతి వాచకుడు తత్త్వార్థసూత్రములో సత్యాణువ్రతమునకు ఐదు అతిచారములను చెప్పినాడు. వానిలో మొదటిది మిథ్యోపదేశము, అనగా తప్పుడు సలహా. దొంగపత్రము వ్రాయుట, అప్పగించిన సొమ్మును అపహరించుట దాని తరువాతనే వచ్చును. దొంగపత్రమనగా మనకు భయము. తప్పుడు సలహా యనగా భయము లేదు. అహింసాణువ్రతమునకు చెప్పిన ఐదు అతిచారములు బంధము, వధ, ఛవిచ్ఛేదము, అతిభారారోపణము, అన్నపాననిరోధము. చిన్నపెట్టెలో బిగించుట బంధము కాదా? ఒంటబట్టని ఆకును పెట్టి కడుపునిండినదని తలచుట అన్నపాననిరోధము కాదా? తెలిసి చేయలేదందురా? అజాగ్రత్తతో, ప్రమాదముతో ప్రాణికి కలిగించు పీడయే హింసయని ఆ సూత్రకారుడే నిర్ణయించినాడు. తెలియకపోవుట వేరు, తెలిసికొనగలిగియు అడుగకపోవుట వేరు. రెండవది ప్రమాదము. అంగడివాడు తెలియక చెప్పినాడు, మా అబ్బాయి అడుగక చేసినాడు, నేను చూచి ఊరకుంటిని. కృతము, కారితము, అనుమోదితము మూడును మా యింటనే పూర్తియైనవి.

బల్లిజాతిదే గదా, దానికింత విచారమేమి అని కొందరనవచ్చును. మన ఆగమములు అట్లనలేదు. పంచేంద్రియ తిర్యంచములలో, రొమ్ముతో ప్రాకు పాములను ఉరఃపరిసర్పములనియు, కాళ్ళతో ప్రాకు ఉడుము మున్నగువానిని భుజపరిసర్పములనియు వేరుగా గణించినవి. మనకున్న ఐదింద్రియములు దానికిని ఉన్నవి. నొప్పి యున్నది. అరచుటకు గొంతు లేదు, అంతే.

ఇక్కడ మరియొక చిక్కు కలదు. ఇగ్వానా శాకాహారి గనుక మాకు ఒక ధర్మసంకటము తీరినది. పెద్ద బల్లులన్నియు అట్టివి కావు. ఉడుములు మాంసాహారులు. దక్షిణ అమెరికానుండి వచ్చు టెగూ అను జంతువునకును మాంసము, గ్రుడ్లు, పురుగులు కావలెను. దానిని తెచ్చుకొన్న శ్రావకుడు దానికి ఆహారము పెట్టినచో ఇతర ప్రాణులకు హింస, పెట్టనిచో దానికి హింస. మన నియమమును దాని కడుపుమీద రుద్ది ఆకులతో పెంచుదమనుట దయ కాదు, మెల్లగా చంపుట. కాబట్టి అట్టిదానిని గడప దాటింపకుండుటయే ధర్మము. ప్రాణుల క్రయవిక్రయములను కేశవాణిజ్యమని పదునైదు కర్మాదానములలో చేర్చి, శ్రావకునకు కూడదని మన పెద్దలు చెప్పుటలోని వివేకము ఇప్పుడు తెలియుచున్నది.

రాజశాసనమును మీరుట అచౌర్యవ్రతమునకు అతిచారము. మన దేశపు ఉడుము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టములో మొదటి షెడ్యూలునకు చెందినది. దానిని పట్టుట, అమ్ముట, పెంచుట నేరము. ఆ చట్టమే 2022లో సవరింపబడి, 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. తదనుగుణముగా 2024లో వచ్చిన నియమములనుబట్టి, ఇగ్వానా వంటి అంతర్జాతీయ ఒడంబడికలోని విదేశీ ప్రాణులను ఉంచుకొన్నవారు వానిని ప్రభుత్వమున నమోదు చేయించుకొనవలెను. పెంపుడు జంతువుల అంగళ్ళకు 2018 నియమములు వేరుగా నున్నవి, రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు లేక అవి నడుపరాదు. లెక్కపుస్తకములు వ్రాయుట మనకు క్రొత్త కాదు గదా.

పోషింపలేనివారు, "అడవిలో విడిచిన అభయదానమగును" అని తలచుచుందురు. అదియు తప్పు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రములో అట్లు విడిచినవి, తప్పించుకొన్నవి వేలకొలది పెరిగి, అక్కడి మొక్కలకు, కట్టలకు చేటు తెచ్చుచున్నవి. చలి హెచ్చిన రాత్రులలో ఆ ప్రాణులే కొయ్యబారి చెట్లమీదినుండి రాలిపడుచున్నవి. పరదేశపు ప్రాణిని మన అడవిలో విడుచుట దానికిని అడవికిని అపకారము. అది అభయము కాదు, పరిత్యాగము. చేరదీసినదానిని కడవరకు పోషించుటయో, పోషింపగలవారికి చట్టప్రకారము అప్పగించుటయో చేయవలెను. ఢిల్లీలో ఎర్రకోట యెదుటి లాల్‌మందిరమున మన సోదరులు పక్షులకు ఆసుపత్రి నడుపుచున్నారు. తెలిసిన వైద్యుడు, నిలుకడగల సేవ లేని దయ సగము దయయే.

కావున మూడు నియమములు మనవి చేయుచున్నాను. అమ్ముకొనువారు తెలిసినదే చెప్పవలెను. తెలియనిచో "నాకు తెలియదు, తెలిసినవారిని అడిగి చెప్పెదను" అనవలెను. ఆ ఒక్క మాటవలన బేరము పోయినను వ్రతము నిలుచును. కొనువారు ప్రాణిని కొనకముందే అది యెంత పెరుగును, ఏమి తినును, ఎన్నేండ్లు బ్రతుకును, దానికి జబ్బు చేసిన ఎవరు చూతురు అని వైద్యుని అడుగవలెను. తృప్తికరమైన సమాధానము దొరకనిచో కొనరాదు. ఇంట ఇదివరకే ఉన్నవారు ఈ వారములోనే వైద్యునికి చూపవలెను. దానిని తాకిన పిల్లలు చేతులు సబ్బుతో కడుగుకొనవలెను, దానివలన మనుష్యులకు కడుపుజబ్బు సోకగలదు.

పచ్చన్న బ్రతికియే యున్నాడు. వరండా అంతయు ఇప్పుడు వాని గూడే. మునగచెట్టు క్రింద ప్రొద్దుటి యెండలో గంటసేపు ఉండును. దవడ వాపు తగ్గినది. వంకరపోయిన కాలు మాత్రము తిన్నబడలేదు, ఇక తిన్నబడదని వైద్యుడు చెప్పినారు. నా యిల్లాలు ఇప్పుడు ప్రతి ఉదయము తన చేతితో మందారపూలు కోసి పెట్టుచున్నది.

రేపు క్షమాపణ దినము. సకల జీవులను క్షమాపణ వేడుకొందుము. మనుష్యులు "క్షమించితిమి" అని బదులు చెప్పుదురు. ఆ వంకరకాలి ప్రాణి యెదుట నేను చేతులు జోడించినప్పుడు అది ఏమియు పలుకదు, కన్నార్పక చూచును. ఆ చూపు నా అంగడిలో గద్దె యెదుట నాకు జ్ఞాపకము వచ్చుచుండవలెనని, మాట పెదవి దాటకముందే రావలెనని, జినేంద్రుని ప్రార్థించుచున్నాను. మీ కొరకును అదియే ప్రార్థన.

జై జినేంద్ర!