మాడ్చే వేడి, వండే వేడి

అమెరికా దక్షిణాన లూసియానాలో కోడిమాంసంతో గంబో అనే చిక్కటి పులుసు చేస్తారు. దానికి ప్రాణం కోడి కాదు, ముందుగా వేయించే పిండి. నూనె, మైదా సమానంగా తీసుకుని, అడుగు మందంగా ఉన్న గిన్నెలో సన్నసెగ మీద కలుపుతూ పోవాలి. ముప్పావుగంట దాకా పట్టవచ్చు. అంతసేపూ చెక్కగరిటె ఆగకూడదు. తెల్లటి ముద్ద గోధుమవన్నెకు, అక్కణ్నుంచి రాగిరంగుకు, చివరికి చాక్లెట్ రంగుకు తిరుగుతుంది. నల్లటి నలుసులు తేలాయంటే మొత్తం పారబోయవలసిందే. ఆ చేదును ఏ మసాలా కప్పలేదు.

ఇందులో నన్ను ఆలోచనలో పడేసిన సంగతి ఒకటుంది. పులుసును చిక్కబరిచేది పిండిలోని గంజి. వేగేకొద్దీ ఆ గంజి విరిగిపోయి, పట్టి ఉంచే శక్తి సన్నగిల్లుతుంది. రుచి మాత్రం లోతెక్కుతుంది. లేతగా వేగిన పిండికి జిగట ఎక్కువ, రుచి తక్కువ. సాధనలోనూ ఇంతే. కొత్తగా దిగినవాడికి నా గురువు, నా జపం, నా ఉపవాసం అంటూ అన్నిటినీ అంటిపెట్టుకునే గుణం ఉంటుంది. పండినవాడిలో ఆ పట్టు సడలుతుంది. పక్కన కూర్చున్నవాళ్లకు ఆయన మంచితనమే తెలుస్తుంది, సాధన కనిపించదు. మనం మాత్రం జిగటనే భక్తి అనుకుని దండలు వేస్తుంటాం.

కోడికూరలో వేదాంతమా అని ముఖం చిట్లించేవారు ఎఱ్ఱన తెనిగించిన అరణ్యపర్వశేషం తీసి చూడాలి. కౌశికుడనే తపస్వి చెట్టుకింద వేదం చదువుకుంటుంటే పైనుంచి కొంగ రెట్ట వేసింది. అతను కోపంగా చూశాడు, అది చచ్చి పడింది. తర్వాత భిక్షకు వెళితే ఒక ఇల్లాలు భర్తకు వడ్డించడంలో మునిగి ఆలస్యం చేసింది. అతను మండిపడ్డాడు. ఆమె, నేను కొంగను కానని చెప్పి, ధర్మం తెలుసుకోవాలంటే మిథిలలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడి దగ్గరకు వెళ్లమంది. తపస్వి దగ్గరా వేడి ఉంది, ఇల్లాలి దగ్గరా ఉంది. ఒకటి కొంగను మాడ్చింది, మరొకటి అన్నం వండింది. రెంటికీ తేడా మంటలో లేదు, దాని పక్కన ఓపికగా నిలబడే మనిషిలో ఉంది.

ఎప్పుడు ఆపాలో తెలియడం కూడా ఆ ఓపికలో భాగమే. పిండి రంగు తిరగగానే ఉల్లి, సెలరీ, క్యాప్సికం ముక్కలు పడాలి. ఈ మూడింటినీ అక్కడివారు ‘పవిత్ర త్రయం’ అంటారు. క్రైస్తవంలోంచి తెచ్చుకున్న చతురు, అంతే. ముక్కల్లోని నీటికి పిండి చల్లబడి, మాడకుండా అక్కడే నిలుస్తుంది. ఆపైన కోడి ఉడికించిన నీళ్లు, కోడిముక్కలు, పొగబెట్టిన సాసేజ్ వేసి నిదానంగా మరగనిస్తారు.

పిండి పోగొట్టుకున్న చిక్కదనం ఇతరుల చేతుల్లోంచి వస్తుంది. కొందరు బెండకాయ వేస్తారు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారితోపాటు ఆ గడ్డకు చేరిన కాయ అది. కొందరు ఫిలే వేస్తారు. అక్కడి ఆదివాసులైన చోక్టాలు నేర్పిన సాసఫ్రాస్ ఆకుల పొడి. రెండూ ఒకే గిన్నెలో వేయడం తప్పని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఫిలే మాత్రం గిన్నె దించాకే కలపాలి. మరిగేటప్పుడు వేస్తే పులుసు తీగలు సాగుతుంది. తినేది మనలాగే, అన్నంలో పోసుకుని.