సముద్రపు చివరనున్న దీవి

ధ్యాన భాగము: కీర్తనలు 139:7–12



దేవుని సన్నిధినుండి పారిపోవుటకు చోటు కలదా? సముద్రపు చివర కాపురమున్నను ఆయన చెయ్యి అచ్చటికి చేరునని కీర్తనకారుడు ఎరిగియుండెను. ఆ సంగతి మరచి పారిపోయినవారి చరిత్ర ఒకటి వినుడి.

దక్షిణ పసిఫిక్ మహాసముద్రములో పిట్‌కెయిర్న్ అను చిన్న దీవి కలదు. పొడవు సుమారు 2 మైళ్లు, వెడల్పు ఒక మైలు. చుట్టును నిట్టనిలువు కొండచరియలు. పెద్ద ఓడ నిలుచుటకు రేవు లేదు. 1767లో ఆంగ్ల నావికులు దానిని చూచిరి గాని, పటములో తప్పు చోట గుర్తించిరి.

1789లో బౌంటీ అను ఓడపై ఫ్లెచర్ క్రిస్టియన్, మరికొందరు నావికులు తమ అధికారిపై తిరుగబడిరి. ఉరికి భయపడి, 1790 జనవరిలో తొమ్మిదిమంది ఈ దీవిలో దిగిరి. తహితీ ప్రాంతపు పురుషులు ఆరుగురును, మోసముచేత తేబడిన స్త్రీలు పలువురును వారితో ఉండిరి. ఓడను తగులబెట్టి, ఇక ఎవరును తమ్మును కనుగొనలేరని తలంచిరి.

రాజుగారి ఓడ వెదకినను వారిని కనుగొనలేదు. వారి పాపము మాత్రము వారితోనే దిగెను. నేలను ఆ తొమ్మిదిమందియే పంచుకొనిరి. ఒకే ఓడలో వచ్చిన ఆ ఆరుగురికి గజము నేలయైన దక్కలేదు. ఒకని భార్యనుకూడ లాగుకొనిరి. 1793లో ఆ పగ రగులుకొనగా, క్రిస్టియన్‌తోకూడ నావికులు ఐదుగురు హతులైరి. తహితీ పురుషులలో ఒక్కడును మిగులలేదు.

1800 నాటికి పెద్దవారైన పురుషులలో జాన్ ఆడమ్స్ ఒక్కడే బ్రదికియుండెను. చుట్టును ఆ స్త్రీలు, తండ్రిలేని పిల్లలు. చదువు సరిగా రాని ఆ మనుష్యుడు, చనిపోయిన తోటివాడైన యంగ్‌యొద్ద చదువు నేర్చియుండెను. ఓడనుండి తెచ్చిన బైబిలు తెరచి, పిల్లలకు చదువును ప్రార్థనను నేర్పెను. 1808లో ఒక అమెరికా ఓడ అచ్చటికి చేరినప్పుడు, హంతకుల గుంపును గాక, ప్రార్థించు కుటుంబములను చూచెను.

ఇక్కడ ఆపిన మనకు సంతోషమే. గాని సత్యము చెప్పవలెను. 2004లో ఆ దీవిలోనే న్యాయస్థానము కూడి, బాలికలపై జరిగిన లైంగిక నేరములకు ఆరుగురు పురుషులను దోషులని తీర్చెను. ఏండ్ల తరబడి ఆ బిడ్డల మొఱ అణగియుండెను. తాతలు బైబిలు చదివినందున మనుమలు పరిశుద్ధులు కారు.

సహోదరులారా, మన యింటను బైబిలున్నది. దాని ప్రక్కను దాచినదేమి? కూలివాని కూలి ఎగగొట్టితిమా? తోబుట్టువు పాలు కలుపుకొంటిమా? పరువుకొరకు ఏడ్చు బిడ్డ నోరు మూయించితిమా? దాగినవానిని కనుగొను దేవుడే దిక్కులేనివాని మొఱ వినును. ఆదివారపు బల్లయొద్దకు రాకముందే లేచి వెళ్లి, అన్యాయమును సరిచేసికొందము. ఆమేన్.