అధికశ్రమకు వేతన మడుగుట భక్తునకు తగునా?

బియ్యపు మిల్లులో గుమాస్తాగా పనిచేయు ఒక గృహస్థు ననుకొందము. నుదుట తిరుమణి, ఏకాదశినాడు ఉపవాసము. విష్ణుసహస్రనామ పారాయణ చేయక గడప దాటడు. కోతల కాలము వచ్చినది. ధాన్యపు లారీలు మిల్లు వాకిట వరుసగా నిలిచినవి. సాయంత్రము ఆరు గంటలకు ముగియవలసిన పని రాత్రి పది గంటలకు గాని ముగియుట లేదు. నెల తిరిగినది, చేతికి వచ్చినది ఎప్పటి జీతమే. ఇంట పిల్లవాని ఫీజు కట్టవలసి యున్నది. అడుగుదమా యని తలచినంతనే అతని మనస్సున వేరొక సందేహము పొడసూపును: 'కర్మఫలమును కోరరాదని గీతాచార్యుడే చెప్పెను గదా! ధనమున కాశపడి యజమానితో తగవులాడుట శరణాగతుడైన వానికి తగునా?'

ఈ సందేహమును తేలికగా త్రోసిపుచ్చరాదు. ఇది సత్పురుషులకే కలుగును, లోభికి కలుగదు. అయితే సత్పురుషుని సందేహమువలన లాభము పొందుచున్నవా డెవ్వడో, అదియు విచారింపవలెను.

పూర్వమీమాంసయందు దీనికి పనికివచ్చు నిర్ణయ మొకటి కలదు. యాగము చేయువాడు యజమానుడు. నేడు పని చేయించువానిని యజమాని యనుట ఆ శబ్దమునుండి వచ్చినదే. హోత, అధ్వర్యుడు, ఉద్గాత మొదలగు ఋత్విక్కులు అతనికొరకు కర్మ నడుపుదురు. స్వర్గాదిఫలము యజమానునకు చెందును. దక్షిణ ఋత్విక్కులకు చెందును. ఈ దక్షిణ దానమా యను ప్రశ్న శాస్త్రమున వచ్చినది. కాదు, అది పరిక్రయార్థమని మీమాంసకులు తేల్చిరి. అనగా ఋత్విక్కుల శ్రమను పొందుటకై యిచ్చు మూల్యము. కావున ఫలము వేరు, మూల్యము వేరు. దక్షిణ గైకొన్న ఋత్విక్కును ఫలాసక్తుడని యెవ్వరును నిందింపలేదు. పైగా గీత పదునేడవ అధ్యాయమున దక్షిణ లేని యజ్ఞము తామసయజ్ఞముగా చెప్పబడినది. ఆ దోషము యజ్ఞము చేసినవానిది గాని దక్షిణ దక్కనివానిది కాదు.

భగవద్రామానుజులు గీతాభాష్యమున త్యాగమును మూడు తెరగుల వివరించిరి. స్వర్గాదిఫలము నాకు కావలెనను కోరికను, ఈ కర్మ నాది యను మమతను, నేనే కర్తను అను అభిమానమును విడుచుట. ఈ మూటిలో దేనికిని కూలి యడుగకుమను అర్థము లేదు. కర్మఫలమును భగవంతునకు సమర్పింపు మన్నారే గాని, మిల్లు యజమానికి సమర్పింపు మని పెద్దలెవ్వరును చెప్పియుండలేదు.

మరియు చేతికి వచ్చినదానిని విడుచుట త్యాగ మనబడును. ఒకరు నిలిపివేసినదానిని అడుగుటకు భయపడి, 'నేనే విడిచితిని' అనుకొనుట భయమునకు మంచిపేరు పెట్టుకొనుటయే. పూర్తి జీతము గైకొని, భార్యాబిడ్డల పోషణకు కొరత రాకుండ అందు కొంత అన్నదానమున కిచ్చినచో అది త్యాగము.

అయోధ్యాకాండమున భరతుడు చిత్రకూటమునకు వచ్చినపుడు శ్రీరాముడు రాజధర్మములను గూర్చి అడుగు ఘట్టము పారాయణపరులకు తెలిసినదే. సైన్యమునకు భోజనమును వేతనమును తగిన కాలమున, జాగు చేయక, ఇచ్చుచున్నావా యని ప్రభువు ప్రత్యేకించి అడిగెను. కాలము మించినచో భృత్యులు స్వామిపై కోపింతురనియు, అది గొప్ప అనర్థమనియు హెచ్చరించెను. కోపించిన భృత్యులను తప్పుపట్టుటకై చెప్పిన మాట కాదిది. భరతుని జాగ్రత్తపరచుటకై చెప్పినది.

మనువు చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో వేతన మీయకుండుట యొకటి. కౌటిల్యుడు మరింత నిర్దిష్టముగ, వేతన మీయని వానికి అందు పదియవ వంతు గాని 6 పణములు గాని, ఈయవలసినదే లేదని బుకాయించినవానికి అయిదవ వంతు గాని 12 పణములు గాని దండము విధించెను. ఒప్పుకొన్నదానికంటె అధికముగ చేసిన పనియందలి ప్రయాస వ్యర్థము కారాదనియు అచటనే చెప్పెను. ఓవర్‌టైము అను మాట క్రొత్తది గాని విషయము ప్రాతదే.

నేటి చట్టమును దీనికి భిన్నముగ లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము దినమునకు 9 గంటలు, వారమునకు 48 గంటలు మించిన పనికి రెట్టింపు వేతనము విధించినది. 2025 నవంబరు 21న దాని స్థానమున అమలునకు వచ్చిన కార్మిక కోడ్‌లందును ఆ రెట్టింపు నియమము నిలిచినది. 2019 వేతనముల కోడ్ ననుసరించి బాకీ కోరుటకు 3 సంవత్సరముల గడువు కలదు. చెల్లించితి నని నిరూపించు భారము యజమానిదే. పర్యవేక్షణాధికారము గల ఉద్యోగులకు ఈ నియమములలో కొన్ని వర్తింపకపోవచ్చును గాన, ఎవరి ఉద్యోగ మెట్టిదో ముందు తెలిసికొనుట మంచిది.

ఇచట కొందరు కైంకర్యమును ముందుకు తెత్తురు. స్వామిసేవకు కూలి యడుగుదురా యని వారి ప్రశ్న. స్వచ్ఛందముగ పుష్పమాలలు కట్టు భక్తుడు అడుగడు, నిజమే. కాని జీవనమునకై నియమింపబడినవానికి ఆలయములే వేతనము నిర్ణయించి శిలలపై చెక్కించినవి. కాంచీపుర ప్రాంతమునందలి తిరుముక్కూడల్ వేంకటేశ పెరుమాళ్ ఆలయమున వీరరాజేంద్రచోళుని కాలపు 11వ శతాబ్ది శాసన మున్నది. ఆలయమునకు చెందిన 15 పడకల వైద్యశాలలో వైద్యునకు, శస్త్రచికిత్స చేయువానికి, మూలికలు తెచ్చువారికి, పరిచారికలకు, మంగలికి సైతము ఇంత ధాన్యమని అందు వ్రాయబడినది. పెరుమాళ్ల సన్నిధిలోనే లెక్క చెక్కినపుడు మిల్లులో లెక్క అడుగుట అపచార మెట్లగును?

ఈ పత్రిక చదువువారిలో దుకాణములు, హోటళ్లు, మిల్లులు నడుపువారును కలరు. పనివాని రాత్రి గంటల మూల్యమును పెట్టెలో నుంచుకొని, అందుండి ముడుపు కట్టి కొండ నెక్కినచో ఆ ద్రవ్యము ఎవ్వరిది? కుటుంబపు బరువుచే నోరు విప్పలేని పనివాడు అడుగలేదు గనుక బాకీ లేదనుట వారి వ్యాపారమున ఇతరులయెడ వర్తించు న్యాయము కాదు గదా.

అడుగు విధమునందు మాత్రము భక్తునకు కొన్ని నియమములు కలవు. ఏ దినమున ఎన్ని గంటలు అధికముగ పనిచేసినది, తేదీలతో కాగితమున వ్రాసికొనవలెను. ఒక గంటయు ఎక్కువ వేయరాదు. మొదట నలుగురిలో గాక ఏకాంతమున, వినయముగ అడుగవలెను. పిదప వ్రాతమూలకముగ నీయవలెను. సమాధానము రానిచో తోడివారితో గాని సంఘముతో గాని కలసి కార్మికశాఖ అధికారికి విన్నవించుట ద్రోహము కాదు. ఉద్యోగము పోవునను భయము ఉత్తభయము కాదు, పోయినవారును కలరు. ప్రపత్తికి అంగముగ చెప్పిన మహావిశ్వాసము అవసరపడునది ఇట్టి చోటనే.

యజమాని నిజముగ ఇబ్బందిలో నుండి, బాకీ ఒప్పుకొని, గడువు కోరినచో ఇచ్చుట మంచిదే. తన భాగమును పూర్తిగ విడుచుటకును ఇంటివారు సమ్మతించినచో గుమాస్తాకు స్వాతంత్ర్యము కలదు. కాని మరలవద్ద అతనితోపాటు రాత్రులు నిలిచిన కూలీలు పలువురు వ్రాయను చదువను నేర్వనివారు. వారి గంటల లెక్క అతని పుస్తకమున తప్ప వేరెచటను లేదు. ఆ భాగమును విడుచు అధికారము అతనికి లేదు.